నూట ఎనభై

అందరూ అతన్నే చూశారు.
నన్ను చూసినవాళ్ళు లేరు, చూడకూడదు కూడా.
నల్లతెర వెనక, గొడ్డలి భుజాన వేసుకుని
అంకెలు లెక్కపెట్టే మనిషిని నేను.
నూట ఎనభై దాటితే అద్దం పగలగొట్టాలి.
అదే ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళు.

వాల్పరైసో రేవులో పుట్టాడు అన్సెల్మో.
తల్లి పిండిమిల్లులో గోనెసంచులు కుట్టేది.
పిల్లాడు ఓడలవైపు పరిగెత్తకుండా
ఒక సంచిలో నిలబెట్టి, మెడదాకా కుట్టేసి
పనిలో పడేది.
భోజనాల గంట కొట్టేసరికి
సంచి ఖాళీగా పడుండేది.
"ఎలా వచ్చావురా?"
"దారానికి కొస ఉంటుంది కదమ్మా."
చెంప వాయించి
మర్నాడు ఇంకా దగ్గర దగ్గరగా కుట్టేది.
నీ గురువెవరని పత్రికలవాళ్ళు అడిగితే
ఎవరో పారిస్ దొరగారి పేరు చెప్పేవాడు గానీ
గురువు ఆ గోతాం సూదే.

పోస్టర్ల మీద పేరు 'ఎల్ కొంగ్రియో'.
మా సముద్రంలో దొరికే చేప, పాములా ఉంటుంది,
పట్టుకుంటే జారుతుంది.
పోలీసు బేడీలు, పిచ్చాసుపత్రి చొక్కా,
రాగిగనుల కంపెనీ పందెం కట్టి మోయించుకొచ్చిన ఇనప్పెట్టె,
అన్నిట్లోంచీ జారాడు.
పెళ్ళిలోంచి కూడా, రెండుసార్లు.
ఇకీకేలో హోటలామె మాత్రం
గొలుసూ తాళం లేకుండా పట్టేసుకుంది,
ఆర్నెల్ల బాకీకి.

ఆఖరి ఆట నీళ్ళపెట్టె.
తలకిందులుగా, కాళ్ళు బొండకొయ్యలో.
తెర పడేది, బ్యాండు మొదలయ్యేది, నా లెక్కా మొదలయ్యేది.
జనం కూడా ఊపిరి బిగపట్టేవాళ్ళు.
నలభై దగ్గర వాళ్ళు ఓడిపోయేవాళ్ళు.
తొంభైకల్లా అతను బయటపడేవాడు.
పడి, తెరచాటునే, నా పక్కన పీటమీద కూచుని
పళ్ళెంలో ఆలివ్ కాయలు నములుతూ
గింజలు నా అరచేతిలో ఉమ్మేవాడు.
నూట డెబ్భై దాకా జనాన్ని ఉడకనిచ్చి
నెత్తిమీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకుని
రొప్పుతూ వెళ్ళేవాడు.
చప్పట్లు అటు.
జేబునిండా గింజలు ఇటు.

ఒరూరోలో, బొలీవియా కొండలమీద,
గాలే పల్చన.
తొంభై.
నూట ఇరవై.
ఆలివ్ కాయలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి.
నూట డెబ్భైకి గొడ్డలి ఎత్తాను.
అద్దంలోంచి అతను తల అడ్డంగా ఊపాడు.
దించాను.
బ్యాండువాళ్ళు అదే పాట మళ్ళీ మొదటినుంచీ అందుకున్నారు.
రెండువందల పదకొండు దగ్గర
బోల్టు ఊడింది.

ఆ రాత్రి, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతూ
అడిగాడు: "ఎందుకు దించావు, బౌదీలియో?"
"వద్దని నువ్వే కదా తల ఊపావు."
"జుట్టు కీలులో ఇరుక్కుంది.
విదిలించుకుంటున్నాను."
ఇద్దరం పడీపడీ నవ్వాం.
ముందు ఆపింది అతను.
మర్నాడు పొద్దున్నే గుండు చేయించుకున్నాడు.
ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది.
నీళ్ళపెట్టెని ఒక చేపలకొట్టువాడు కొన్నాడు.
గొడ్డలి నా దగ్గరే ఉంది,
యూకలిప్టస్ కట్టెలు కొట్టుకుంటాను,
ఒక్కసారీ వాడని పదును, బాగా తెగుతుంది.

అన్సెల్మో ఇప్పుడు
కొండమీదికి జనాన్ని లాగే తాళ్ళబండి దగ్గర
టిక్కెట్లు అమ్ముతాడు.
నిలువెత్తు కొయ్యగది, చెయ్యి పట్టేంత కిటికీ.
సాయంత్రం దానికి తాళం వేసి
మూడుసార్లు గుంజి చూస్తాడు,
తాళాలమీద నమ్మకం ఉన్న మామూలు మనిషిలా.

ఆదివారాలు మా ఇంటికొస్తాడు.
స్నానాలగదిలోకెళ్ళి గడియ పెట్టుకుంటే
వంటింట్లో నా నోరు దానంతటదే మొదలెడుతుంది:
ఒకటి, రెండు, మూడు.
వేళ్ళు వంగవు అతనికి, గుండీలకే బోలెడుసేపు.
నూట ఎనభై దాటుతుంది.
ప్రతి వారం దాటుతుంది.
పులుసు పొయ్యిమీదే వదిలేసి
తలుపు దగ్గర నిలబడతాను, ఉత్తచేతుల్తో.
లోపల కుళాయి చప్పుడు.
"అన్సెల్మో" అంటాను.
"ఉన్నాలే" అంటాడు.